పదకొండుంపావు బస్సు

రేడియేషన్ ప్లానింగ్ నేర్చుకోవడానికి మా ఆసుపత్రికి వచ్చే పిల్లలను మొదటిరోజు నేను కంప్యూటరు ముట్టుకోనివ్వను. ఒక్కొక్కరి చేత అరలీటరు నీళ్ళు తాగించి, గంటసేపు బయట బెంచీ మీద కూర్చోబెట్టి, ఆ తర్వాత గట్టి బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి పావుగంట కదలొద్దంటాను. మొదట్లో నవ్వుతారు. పదో నిమిషానికి నవ్వులు ఆగిపోతాయి. నా వెనక నన్ను "నీళ్ళ టీచరమ్మ" అంటారని నాకు తెలుసు. అనుకోనివ్వండి. ఈ అలవాటు నాకు ఎక్కడ అబ్బిందో ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడిగితే మొహం మీద చెప్పేంత ధైర్యం నాకుందని కూడా అనుకోను, అందుకే రాస్తున్నాను.

ఆమె పేరు వూ బోంగ్‌యో. మా ఆసుపత్రి ఉన్న చియాయి ఊళ్ళో బస్సెక్కితే గంటంపావు దూరంలో ఉండే తుంగ్‌షి రేవు మనిషి. వరసగా ఆడపిల్లలు పుడితే అప్పట్లో పెట్టే పేర్లలో అదొకటి. "సరే, ఎలాగోలా పెంచుదాంలే" అని దానర్థం. ఆ సంగతి నాకు ఆమే చెప్పింది, చెప్పి తనే నవ్వింది.

"మా నాన్న మాట మీద నిలబడే మనిషి పిల్లా. ఎలాగోలానే పెంచాడు."

తొమ్మిదో ఏట తల్లి పక్కన పీట వేసుకుని ఆల్చిప్పలు ఒలవడం మొదలుపెట్టింది. నేను చూసేనాటికి అరవై తొమ్మిదేళ్ళు. అంటే అరవై ఏళ్ళుగా ఒకే రేకుల షెడ్డు, ఒకే బల్ల, చేతిలో ఒకే రకం పొట్టి కత్తి. మొగుడు సముద్రంలో వెదురు తెప్పల మీద ఆల్చిప్పలు పెంచేవాడు, పోయి పదేళ్ళయింది. ఆయన పోతూ వదిలివెళ్ళినవాటిలో ఆమె మాటిమాటికీ చెప్పేది ఒక్కటే, పీట. ఆమె మోకాళ్ళ ఎత్తు కొలిచి దానికి సరిపడా పీటకాళ్ళు కోసి చేసిచ్చాడట. షెడ్డులో పదకొండు మంది ఆడవాళ్ళు, పదకొండు పీటలు, ఎవరి చోటు వాళ్ళది. మధ్యాహ్నం ఒంటిగంటకు చిప్పల కుప్ప దిగుతుంది. అప్పటికి పీట మీద మనిషి లేకపోతే ఆమె వంతు పక్కవాళ్ళు పంచుకుంటారు. ఆ ఖాళీ అలాగే నడిస్తే కొన్నాళ్ళకి ఆ చోట్లో ఇంకెవరో కూర్చుంటారు. అందులో కక్షలేమీ ఉండవు, అక్కడి పద్ధతి అంతే.

ఆ ఏడు వసంతంలో ఆమెకు గర్భసంచిలో క్యాన్సరని తేలింది. ఆపరేషన్ చేసి తీసేశారు. మళ్ళీ రాకుండా ఇరవై ఐదు రోజులు రేడియేషన్ ఇవ్వాలన్నారు. ఆమె డాక్టరును అడిగిన మొదటి ప్రశ్న, "ఒంటిగంటకల్లా నా పీట మీద ఉంటానా?" అని.

నాకప్పుడు ఇరవై నాలుగు. ప్లానింగులో శిక్షణ చివరి ఏడాది. మాకు నేర్పేది చో మాస్టారు. ఆయన గొంతెత్తి ఎవరినీ తిట్టగా నేను చూడలేదు. తిట్టి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. స్క్రీన్ మీద ఎన్ని ప్లాన్లు వేసినా సరే, ఒక్క రోగిని మాత్రం మొదటి స్కానింగ్ నుంచి ఆఖరి రోజు దాకా విద్యార్థి తన చేతుల మీదుగా నడిపించాలి. అలా నడిపిన వివరాలు రాసుకున్న పుస్తకం ఉంటేనే పరీక్షకు కూర్చోనిస్తారు. నా వంతుకు బోంగ్‌యో ఆమా వచ్చింది. ఆమా అంటే మా వైపు అవ్వ.

స్కానింగ్ రోజున నేను ఆమె చేతికి గ్లాసు ఇచ్చాను.

"ఇలాంటివి రెండు తాగాలి ఆమా. తాగి గంట ఆగాలి."

"రెండా! మా రేవులో బాతులు కూడా అన్ని తాగవే."

"మూత్రాశయం నిండితే పేగుల్ని పైకి నెడుతుంది. లేకపోతే అవి కిందకి జారి కిరణాల దారిలో పడతాయి."

"మా దగ్గర నీళ్ళు తాగకపోవడమే పనితనం పిల్లా. మధ్యలో లేచావా, నీ కుప్ప పక్కదాని పాలే. ఒంటిగంటకి కూచుంటే కుప్ప అయ్యేదాకా లేవను నేను. ఇనప సంచి నాది."

తాగడం రాని మనిషి, ఆపుకోవడం వచ్చిన మనిషి. ఆ రోజు మాత్రం మొహం చిట్లించుకుంటూ రెండు గ్లాసులూ తాగింది. మూత్రాశయం నిండుగా వచ్చింది. నేను పది రోజులు కూర్చుని ప్లాన్ వేశాను. నా మెప్పు నేనే చెప్పుకుంటున్నానని అనుకోకండి, అది నిజంగా అందమైన ప్లాన్. కిరణాలు పడాల్సిన చోట ఎరుపు, పేగుల దగ్గర చల్లగా నీలం. చో మాస్టారు చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుంది" అన్నారు. ఆయన నోట ఆ మాట వినడం మా బ్యాచిలో నాకే దక్కింది.

"కానీ పింగ్, ఇది మూత్రాశయం నిండిన మనిషికి వేసిన ప్లాను. రోజూ ఆ మనిషే బల్ల ఎక్కాలి. ఆ మనిషిని తీసుకురావడం నీ పని."

చేతిలో పట్టే చిన్న అల్ట్రాసౌండ్ పరికరంతో రోజూ పొత్తికడుపు మీద కొలిచి, వచ్చిన అంకె చీటీ మీద రాసి లోపలికి పంపాలి. రెండు వందల యాభై మిల్లీలీటర్లు దాటి ఉండాలి. ఇచ్చిన సమయానికి అంత లేకపోతే రోగిని వరస చివరికి పంపాలి, నా పుస్తకంలో ఆ రోజుకు ఎర్రగుర్తు పడుతుంది. ఎర్రగుర్తులు మూడు దాటితే ఆ కేసు పరీక్షకు చెల్లదు. ఇంకో రోగితో మొదటినుంచీ మొదలుపెట్టాలి. జూన్ ఆఖరుకల్లా పుస్తకం ఇవ్వకపోతే పరీక్ష మళ్ళీ యేడాదికే. అప్పటికే మే నెల వచ్చేసింది.

బోంగ్‌యో ఆమా పొద్దున్న ఎనిమిదింటి బస్సుకు బయల్దేరి తొమ్మిదింపావుకు దిగేది. బస్సులో మరుగుదొడ్డి ఉండదని ఇంట్లో ఒక్క గుక్క కూడా తాగేది కాదు. ఆసుపత్రికి వచ్చాకే గ్లాసు పట్టేది. ఆమె సమయం పదిన్నర. ఆ వేళకు పనయిపోతే పదకొండుంపావు బస్సు దొరుకుతుంది, ఒంటిగంటకు పీట మీద ఉంటుంది. తప్పితే మళ్ళీ రెండూ నలభైకే బస్సు. ఎండిపోయిన ఒంట్లో నీళ్ళు గంటలో మూత్రాశయం దాకా దిగవు. మొదటి వారంలోనే మూడు రోజులు అంకె రాలేదు, మూడు రోజులు ఆమెకు బస్సు తప్పింది, నా పుస్తకంలో మూడు ఎర్రగుర్తులు పడ్డాయి.

"నా పక్క కూచునే దాని కోడలు నా పీట మీద కన్నేసింది పిల్లా" అని చెప్పింది నాలుగో రోజు, బెంచీ మీద గ్లాసు ఒళ్ళో పెట్టుకుని. "నిన్న నాలుగింటికి వెళ్తే అందులో కూచునుంది. నన్ను చూసి లేచిందనుకో. కానీ లేచేటప్పుడు పీటని చేత్తో నిమిరింది. నిమిరితే ఇక ఆశ పుట్టినట్టే."

రెండో వారం సోమవారం గట్టిగా తాగించాను. సోమవారం సోమవారం యంత్రం మీదే పూర్తి స్కానింగ్ తీసి లోపలి అవయవాలన్నీ చూస్తారు. మిగతా రోజుల్లో ఎముకలు చూసి సరిపెట్టుకుంటారు, మూత్రాశయం సంగతికి నా చీటీనే నమ్ముతారు. మంగళవారం పదిన్నరకు నేను ఆమె పొత్తికడుపు మీద పరికరం ఆనించాను. నూట నలభై ఎనిమిది.

ఆ క్షణం గురించి నేను ఎన్నిసార్లు ఆలోచించానో లెక్కలేదు. ఆమె నన్ను ఏమీ అడగలేదు. గోడ గడియారం వైపు ఒకసారి చూసింది, అంతే. నాకు మాత్రం నా పుస్తకంలో నాలుగో ఎర్రగుర్తు కనిపించింది. చీటీ మీద రెండు వందల అరవై అని రాశాను.

"ఎంతొచ్చింది?"

"సరిపోయింది ఆమా. పదండి లోపలికి."

"ఇవాళ నిండినట్టే లేదే నాకు."

"పర్లేదు. మీ బస్సు దొరుకుతుంది."

ఆమె ఆగింది. నా మొహం వైపు చూసింది. అరవై ఏళ్ళుగా మూసిన చిప్పను చూసి లోపల ఏముందో చెప్పగల మనిషి, నా చీటీ సంగతి ఆమెకు తెలియకుండా ఎలా ఉంటుంది?

"తప్పు కాదా పిల్లా? మీ మాస్టారు తిడతాడేమో."

"ఏం కాదు. నేను చూసుకుంటాను."

ఆమె నా మణికట్టు పట్టుకుంది. చిప్పల గీతలతో గరుకెక్కిన అరచెయ్యి. "బంగారుతల్లివి" అంది. అంటూ లోపలికి నడిచింది. నేను అక్కడే నిలబడి ఆ మాట తీసుకున్నాను. నాది కాని వస్తువును ఎవరో పొరపాటున నా చేతికిస్తే జేబులో వేసుకున్నట్టు వేసుకున్నాను.

ఒకసారి రాశాక రెండోసారి తేలికైంది. బుధవారం రాశాను, గురువారం రాశాను, శుక్రవారం రాశాను. మూడో వారం మళ్ళీ మంగళవారం నుంచి అదే. "సోమవారం మాత్రం బాగా తాగాలి ఆమా" అని నేనే చెప్పేదాన్ని. ఆమె తలూపేది. మిగతా రోజుల్లో సగం గ్లాసు తాగి తక్కినది కుండీలో ఉన్న మొక్కకు పోసేది. నేను చూడనట్టు ఉండేదాన్ని. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. యంత్రం మాట వినాలని దాని మీద ఆకుపచ్చ చిరుతిండి పొట్లం పెట్టడం మా దగ్గర ఒక నమ్మకం, తేదీ దాటితే యంత్రం మొరాయిస్తుందంటారు, అది దాటకుండా చూసే బాధ్యత శిక్షణలో ఉన్నవాళ్ళదే. ఆ రెండు వారాల్లోనూ నేను రోజూ పొద్దున్నే వెళ్ళి ఆ పొట్లం తేదీ చూశాను. ఒక్కరోజు కూడా తప్పలేదు. అంత నిష్ఠ.

నాలుగో వారం సోమవారం యంత్రం ఆగిపోయింది. పొట్లం తేదీకి ఇంకా మూడు నెలలుంది. మంగళవారం కూడా బాగుచెయ్యలేకపోయారు. బుధవారం ఆమా వచ్చింది, నేను కొలిచాను, నూట ముప్ఫై. రెండు వందల యాభై ఐదు అని రాసి పంపాను. లోపల యంత్రం నడిపే లియన్ అక్క మైకులో అంది, "సోమవారం స్కానింగ్ పడలేదు కదా, ఇవాళ తీసేద్దాం."

నేను పరుగెత్తి వెళ్ళి ఏదో ఒకటి చెప్పి ఆపి ఉండొచ్చు. ఆపలేదు.

స్క్రీన్ మీద బొమ్మ వచ్చింది. లియన్ అక్క చీటీ వంక చూసింది, బొమ్మ వంక చూసింది, ఫోన్ తీసి చో మాస్టారును పిలిచింది. మూత్రాశయం చిన్న బత్తాయంత ఉంది. దాని మీదుగా పేగులు చుట్టలు చుట్టలుగా కిందకి దిగి ఉన్నాయి. మాస్టారు వచ్చి చూశారు. ఆమాను బల్ల దింపించి, "ఆమెకు నీళ్ళివ్వండి, కూర్చోబెట్టండి, ఇవాళ మధ్యాహ్నం చేద్దాం" అన్నారు. నా వైపు తిరిగి, "రా" అన్నారు.

ప్లానింగ్ గదిలో నా కుర్చీలో నన్నే కూర్చోబెట్టారు.

"ఇవాళ్టి బొమ్మలో పేగులు గీయి."

గీశాను. అరగంట పట్టింది. ఆయన వెనక నిలబడే ఉన్నారు.

"నీ ప్లాన్ దీని మీద వేసి లెక్క కట్టు."

కట్టాను. నీలంగా ఉండాల్సిన చోట ఎరుపు పడింది.

"ఇది ఒక్కరోజు సంగతి కాదు కదా?"

నేను మౌసు మీద నుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఎన్ని రోజులు పింగ్?"

"ఎనిమిది, మాస్టారూ."

"ఆ రోజుల బొమ్మలు మన దగ్గర లేవు. ఇవాళ్టిదే ఎనిమిదిసార్లు వేసి చూడు."

వేశాను. కళ్ళు తుడుచుకుంటూ వేశాను. ఒక్కో రోజు కలుపుతుంటే ఎరుపు పేగుల్లోకి ఇంకాస్త, ఇంకాస్త పాకింది. ఎనిమిదోది కలిపాక ఆయన కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. ఏళ్ళ తరబడి నేర్చుకున్న చదువంతా ఒకెత్తు, ఆ పూట నేర్చుకున్నది ఒకెత్తు.

మర్నాడు డాక్టరు గదిలో అందరం కూర్చున్నాం. డాక్టరు ఆమాకు దాచకుండా అంతా చెప్పింది. పేగులకు పడకూడనంత పడింది, ఇక ముందు విరేచనాలు, రక్తం పడటం రావచ్చు, రాకపోవచ్చు, మిగిలిన రోజులకు లెక్కలు మారుస్తాం అని. తప్పు ఆసుపత్రిదని క్షమాపణ చెప్పింది. ఆమా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వింది. విన్నాక డాక్టరు వైపు కాకుండా చో మాస్టారు వైపు తిరిగింది.

"మాస్టారుగారూ, పిల్లనేమీ అనొద్దు. నేనే ఏడ్చాను. బస్సు పోతే నా పీట పోతుందని కాళ్ళావేళ్ళా పడ్డాను. చిన్నపిల్ల, మెత్తటి మనసు, కాదనలేకపోయింది."

అబద్ధం. ఆమె ఏడవలేదు, ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు. గడియారం వైపు ఒకసారి చూసిన పాపానికి మొత్తం తన నెత్తిన వేసుకుంది. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. నోరు తెరిచి "కాదు" అనడానికి ఎంత సేపు పడుతుంది? నేను అనలేదు.

అది మాట. మాటను ఎప్పుడైనా దిద్దుకోవచ్చు. నేను అంతటితో ఆగలేదు. జరిగిన పొరపాటుకు కాగితం నింపాలి. అందులో "కారణం" అన్నచోట నా చేత్తో నేనే రాశాను, "రోగి పదేపదే వేడుకోవడం వల్ల" అని. మాస్టారు చదివారు. కళ్ళజోడు తీసి నా వైపు చూశారు.

"ఇంతేనా?"

"ఇంతే మాస్టారూ."

నేను తల దించుకునే ఉన్నాను. సొరుగులోంచి ముద్ర తీసి కాగితం మీద వేశారు.

నా కేసు రద్దయింది. ఆ ఏడు పరీక్ష పోయింది. శిక్ష పడింది కాబట్టి చెల్లిపోయిందని కొన్నాళ్ళు నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. మిగిలిన పది రోజులు బోంగ్‌యో ఆమా రెండు గ్లాసులూ చుక్క వదలకుండా తాగింది. ఒక రోజు అంకె మూడు వందల పది వస్తే ఆమే చీటీ లాక్కుని చూసి, "చూశావా, అబద్ధం లేకుండా!" అని నవ్వింది. రోజూ రెండూ నలభై బస్సుకే వెళ్ళింది. ఆఖరి రోజు గేటు దాకా వెళ్ళాను. మళ్ళీ జబ్బు తెచ్చుకోమన్నట్టు అవుతుందని ఆసుపత్రిలో ఎవరూ ఎవరితోనూ మళ్ళీ కలుద్దామనరు. ఆమె కూడా అనలేదు. "నేను ఇక్కడికి రాను. నన్ను చూడాలనిపిస్తే నువ్వే రా" అంది.

చలికాలంలో వెళ్ళాను. రేకుల షెడ్డు, బయట కొండలా గుల్లలు, లోపల వరసగా పీటలు. ఆమె పీట మీద వేరే ఎవరో, వయసులో చిన్నది, కూర్చుని ఉంది. ఆమా కోసం వెతుక్కున్నాను. షెడ్డు చివర మరుగుదొడ్డి తలుపు పక్కన, నాలుగు చేపల పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి పైన పలక వేసి, దాని ముందు నిలబడి ఒలుస్తోంది.

"వర్షాలప్పుడు మొదలైంది" అని చెప్పింది కత్తి ఆపకుండానే. "గంటకి నాలుగుసార్లు పరుగు. కూచున్న మనిషి లేచేలోపు బట్టలు పాడు. అందుకే ఇక్కడ. పీట దానికిచ్చేశాను, కోడలుపిల్లకి. అడక్కుండానే ఇచ్చాను. ఇచ్చేటప్పుడు దాని మొహం చూడాలి నువ్వు!"

నవ్వింది. అరవై ఏళ్ళు కూర్చున్న మనిషి నిలబడి నవ్వింది. పనిచేస్తున్నంతసేపూ బరువును ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు మార్చుకుంటూనే ఉంది. సరిగ్గా చేసినా కొందరికి ఇలా వస్తుందని డాక్టరు నాతో విడిగా చెప్పింది. ఆ ఎనిమిది రోజుల వల్లే వచ్చిందా అంటే ఎవరూ తేల్చి చెప్పలేరు. ఆ మాటను పట్టుకుని బతకొచ్చు. నేను ప్రయత్నించాను కూడా. ఆ పలక ముందు ఆమె కాళ్ళు చూశాక కుదరలేదు.

ఆమె మిగతావాళ్ళను పిలిచింది. "ఇదిగో, నేను చెప్పానే, ఈ పిల్లే! నా బస్సు కోసం పరీక్ష పోగొట్టుకుంది." ఆడవాళ్ళు నన్ను చుట్టుముట్టారు. ఒకామె చిలగడదుంప వేడిది చేతిలో పెట్టింది. ఒకామె పెళ్ళయిందా అని అడిగింది. వెళ్ళేటప్పుడు ఆమా ఒలిచిన ఆల్చిప్పల మాంసం సంచినిండా కట్టి, మంచుముక్కలు వేసి ఇచ్చింది. "అల్లం వేసి పులుసు చేసుకో. చదివేవాళ్ళకి మంచిది."

ఆ సంచి పక్కింటివాళ్ళకు ఇచ్చేశాను. రెండో ఏడు కూడా వెళ్ళాను, మళ్ళీ సంచి ఇచ్చింది. ఆసారి వండుకుని తిన్నాను. రుచిగా ఉన్నాయి. అలా తినగలిగినందుకు ఇంకా సిగ్గేసింది. ఇలా ఆరేళ్ళు. ఈలోగా నేను పరీక్ష రాశాను, పాసయ్యాను, చో మాస్టారు రిటైరయ్యారు, ఆయన కుర్చీ పక్క కుర్చీ నాకొచ్చింది. ప్రతి చలికాలం ఆమె నా గురించి ఆ షెడ్డులో అదే కథ చెప్పేది, ప్రతిసారీ అందులో నేను ఇంకాస్త మంచిదాన్నయ్యేదాన్ని.

ఏడో ఏట నా దగ్గర నేర్చుకునే ఒక అమ్మాయి పుస్తకం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. "టీచర్, ఇవాళ నాలుగో ఎర్రగుర్తు పడింది. ఇంకో కేసు ఇస్తారా?" అంది. అంతే. సాయంత్రం ఏం తినాలో అడిగినంత మామూలుగా అడిగింది. నేను ఇంకో కేసు ఇచ్చాను. ఆ పిల్ల వెళ్ళాక గది తలుపు వేసుకుని ఏడ్చాను. ఇంత తేలికైన మాట కోసమా నేను ఆ పని చేసింది!

ఆ శనివారం బస్సెక్కాను. ఆమా పలక ముందు నిలబడి ఉంది. డెబ్బై ఆరేళ్ళు. నేను నా చేతిసంచి పక్కన పెట్టి, ఇంకెవరూ వినకుండా దగ్గరగా నిలబడ్డాను.

"ఆమా, ఆ చీటీలు నేను మీ బస్సు కోసం రాయలేదు."

కత్తి ఆడుతూనే ఉంది. "మరి?"

"నాలుగో గుర్తు పడితే నా కేసు పోయేది. పరీక్ష పోయేది. నా కోసం రాశాను. మీరు కాళ్ళావేళ్ళా పడ్డానన్నారే, అది అబద్ధమని తెలిసి కూడా నేను నోరు మూసుకున్నాను. కాగితం మీద కూడా అదే రాశాను. మీవల్లే అని నా చేత్తో రాశాను."

ఆమె చేతిలో ఉన్న చిప్ప తెరిచింది, మాంసం గిన్నెలో వేసింది, గుల్ల వెనక్కి విసిరింది. ఇంకొకటి తీసుకుంది, తెరవలేదు. దాన్ని అలాగే పట్టుకుని నా వైపు చూసింది.

"అయితే నీకూ ఒక బస్సుందన్నమాట."

"ఉంది ఆమా."

"నాకు చెప్పలేదే."

నేను కింద పడ్డ గుల్లనొకదాన్ని తీసి కుప్పలో వేశాను.

"నీకు పరీక్ష ఉందని చెప్పుంటే ఇంటి దగ్గరే తాగి బయల్దేరేదాన్ని పిల్లా. బస్సులో గంటంపావేగా. అరవై ఏళ్ళు ఆపుకున్నదాన్ని, నీ కోసం గంటంపావు ఆపుకోలేనా?"

అంత సులువని నాకు ఒక్కరోజు కూడా తోచలేదు. రోజూ ఆమె ముందు పరికరం పట్టుకుని నిలబడ్డాను, రోజూ ఆమె పొత్తికడుపు కొలిచాను, ఆమెను మాత్రం ఏమీ అడగలేదు. నాకు సాయం కావాలని ఒక్క మాట అనలేదు. ఏడుపు వచ్చింది. ఆమె ఓదార్చలేదు. కత్తి పలక మీద పెట్టి, నన్ను పక్కకు తప్పించి, గబగబా మరుగుదొడ్డిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను బయట నిలబడ్డాను. చాలాసేపు పట్టింది. అవతల పీటల మీద ఆడవాళ్ళు ఏదో జోకు మీద నవ్వుకుంటున్నారు, కోడలుపిల్ల తన పీట మీద నింపాదిగా కూర్చుని ఉంది.

ఆమా బయటికి వచ్చి చేతులు కడుక్కుంది. ఒక చేత్తో పలక అంచు పట్టుకుని నిలదొక్కుకుంది. కత్తి అందుకుంది. ఆల్చిప్పల సంచి కోసం నేను ఎదురుచూస్తున్నానని అప్పుడు తెలిసింది నాకు. ఆరేళ్ళ అలవాటు. ఆమె మాత్రం సంచి తియ్యలేదు. ఎవరినీ పిలవలేదు. ఆ కథ ఆ రోజు చెప్పలేదు.

"నీ బస్సుకి టైమవుతోంది" అంది, చిప్ప మీద నుంచి కళ్ళెత్తకుండా. "వెళ్ళు."

ఖాళీ చేతులతో బస్సెక్కాను. కిటికీలోంచి చూస్తే షెడ్డు చివర ఆమె ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు బరువు మార్చుకుంటూ కనిపించింది. మలుపు తిరిగేదాకా చూశాను.